దిండు మీద మూడు పతకాలు

గెరోల్డ్ పోయాడని మంగళవారం పొద్దున రొట్టెల కొట్టులో విన్నాను. సంచీ చేతిలో అలాగే పట్టుకుని ఇంటికి వచ్చి, కోటైనా విప్పకుండా లోపలి గదిలోకి వెళ్ళి మూడో సొరుగు లాగి చూశాను. అతని పతకాలు మూడూ ఉన్నాయి. ఎక్కడికి పోతాయి? కానీ మనిషి వెళ్ళిపోయిన సంగతి అతని వస్తువులకు ఎలాగో తెలిసిపోతుందనీ, అవీ వెనకాలే వెళ్ళిపోతాయనీ నాకు మొదటినుంచీ ఒక భయం.

మా క్లైన్‌రోడాలో ఇంటికొక్కరైనా స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో ఉన్నవాళ్ళే. నా భర్త ఎకార్ట్ తన వయసంతా నీటి గొట్టం మోశాడు. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం రోజుల్లో ఆడవాళ్ళకు వేరే జట్టు ఉండేది, అందులో నేనున్నాను. చలి ముదరకముందే ఇంటింటికీ తిరిగి పొయ్యిలూ పొగగొట్టాలూ చూసి, వేడి బూడిద అట్టపెట్టెలో పోసినవాళ్ళను చీవాట్లు పెట్టేవాళ్ళం. ఆ పనికి నాకూ ఒక కంచు పతకం ఇచ్చారు. ఎకార్ట్‌ను సాగనంపాక మా ఇద్దరి పతకాలూ దాచడానికి మఖ్మలు పరిచిన పెట్టె ఒకటి కొన్నాను. పెట్టె నిండా గుంటలు. మూడు నిండాయి. మిగతావి నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తూ ఉండేవి. ఆ చూపు భరించలేక ఒక్కొక్కటే నింపడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ గదిలో ఐదు సొరుగుల బీరువా ఉంది. ప్రష్యా రాజు ఇచ్చినవి, బవేరియా వాళ్ళవి, కిరీటం గుర్తున్న సాక్సనీ పతకాలు ఉన్నాయి. ముప్పైల నాటి నాజీల స్వస్తిక గుర్తు ఉన్నవీ కొన్ని ఉన్నాయి. వాటిని మార్పిడి సంతకు తీసుకెళ్ళాలంటే ఆ గుర్తు మీద చిన్న కాగితం అంటించాలి, లేకపోతే పోలీసులు ఊరుకోరు. ఒక సొరుగు పూర్తిగా మా పాత ప్రభుత్వానిది. పదేళ్ళ సేవకు కంచు, పాతికేళ్ళకు వెండి, నలభై ఏళ్ళకు బంగారు రంగు.

నాకు ఒకే ఒక నియమం. ఒక మనిషి పతకాలు నా దగ్గరికి కలిసి వస్తే, కలిసే ఉంటాయి. సేకరించేవాళ్ళు చాలామంది అలా చెయ్యరు. తమ దగ్గర లేని ఒక్కదాన్నే పెరికి తీసుకుని మిగతావి సంతలో పడేస్తారు. సంతకు వచ్చే డీట్‌మార్ ఒకసారి అందరి ముందూ అన్నాడు: "సీగ్రున్, నువ్వు పతకాలు సేకరించడం లేదు. అనాథాశ్రమం నడుపుతున్నావ్!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అక్క ఒక ఆదివారం బెర్లిన్ వెళ్ళి అటునుంచి అటే పడమటి పక్కకు దాటిపోయింది. ఆ తర్వాత వారం మధ్యలో గోడ కట్టారు. డీట్‌మార్‌కు అదంతా ఎందుకు చెప్పాలి?

గెరోల్డ్ పతకాలు నా దగ్గరికి ఎలా వచ్చాయో ఊరందరికీ తెలుసు. అతను మా దళానికి నాయకుడు. పాత ప్రభుత్వం కూలిపోయాక వచ్చిన కొత్త అధికారులతో పొసగక ఒకరోజు హెల్మెట్ బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఆ సాయంత్రమే కాఫీ డబ్బా ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"పొయ్యిలో వేద్దామనుకున్నా సీగ్రున్. మళ్ళీ నీ మొహం గుర్తొచ్చింది. గుండె ఆగి చచ్చిపోతావని తెచ్చా."

డబ్బాలో కంచు, వెండి, వాటితోపాటు మరొకటి ఉంది. రంపపు మిల్లు తగలబడినప్పుడు లోపలి నుంచి ఇద్దరిని మోసుకొచ్చినందుకు ఇచ్చిన పతకం అది. 

"అమ్మొద్దు. విడదీయొద్దు. అంతే," అన్నాడు.

"నీకు ఎప్పుడు కావాలన్నా వచ్చి తీసుకెళ్ళు."

"నాకెందుకే? మెడలో కట్టుకుని కోళ్ళకు గింజలు వెయ్యనా?"

ఎప్పుడూ అడగలేదు. కానీ ఏటా ఆకులు రాలే రోజుల్లో ఒకసారి కాఫీకి వచ్చేవాడు. సొరుగు లాగి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి, తనే మూసేవాడు.

బుధవారం మధ్యాహ్నం అతని కూతురు రమోనా వచ్చింది. కాసెల్‌లో ఉంటుంది. పెళ్ళయి వెళ్ళినప్పటినుంచీ ఊరికి చుట్టంలాగే వస్తుంది, చుట్టంలాగే పోతుంది. నల్ల కోటు, నిద్రలేని కళ్ళు. కుర్చీ అంచు మీద కూర్చుంది.

"శనివారం తీసుకెళ్తున్నారత్తా. దిండు ఇంగోల్ఫ్ మోస్తానన్నాడు."

ఇంగోల్ఫ్ ఇప్పటి దళ నాయకుడు. దళం మనిషి పోతే అతని హెల్మెట్ శవపెట్టె మీద పెడతారు. పెట్టె ముందు ఒకరు యూనిఫాంలో ముదురెరుపు దిండు మోస్తారు. దిండు మీద పోయినవాడి పతకాలు ఉంటాయి. ఎకార్ట్ దిండు మోసింది గెరోల్డే.

"మోయాలి మరి. ఇంగోల్ఫ్ మంచివాడు," అన్నాను.

"నాన్న పతకాలు నీ దగ్గరున్నాయి కదా. తీసుకెళ్దామని వచ్చా."

కాఫీ పోస్తున్నాను కాబట్టి నా మొహం ఆమెకు కనిపించలేదు.

"దానికేం భాగ్యం. శనివారం నేనే తెస్తాను. అవగానే మళ్ళీ తీసుకెళ్ళి సొరుగులో పెట్టేస్తాను."

"తీసుకెళ్ళడం ఏంటి?"

"అంటే... దిండు మీద కాసేపు ఉంచడానికి ఇస్తానని."

రమోనా కప్పు కింద పెట్టింది. "మా నాన్న పతకాలు మా నాన్నకి అప్పిస్తావా అత్తా? ఎంత దయ!"

"అలా కాదమ్మా."

"మరెలా? నీ మ్యూజియం నుంచి అప్పు. కాసేపటికి. గాజుపెట్టె కూడా తెస్తావా?"

"ఆయన నాకిచ్చి, విడదీయొద్దు, అమ్మొద్దు అన్నాడు. నేను మాటిచ్చాను."

"నేను అమ్ముతానని ఎవరన్నారు?"

నేను ఆమె కప్పు మళ్ళీ నింపాను. ఆమె భర్త పాత సామాన్లు ఇంటర్నెట్‌లో అమ్ముతాడు. పోయిన వేసవిలో గెరోల్డ్ కుట్టుమిషనూ, గోడగడియారమూ అలాగే వెళ్ళిపోయాయి. గెరోల్డే నాతో చెప్పాడు, తప్పు పట్టకుండా, నవ్వుతూనే. కానీ గడియారం ఉన్న చోట గోడ మీద తెల్లటి గుండ్రం మిగిలిందని కూడా చెప్పాడు.

నా మనసులో ఉన్నది ఆమెకు అర్థమైంది. లేచి కోటు గుండీలు పెట్టుకుంది.

"ఉంచుకో అత్తా. అన్నీ ఒకే ఫ్యాక్టరీలో కొట్టినవే కదా. ఇంటర్నెట్‌లో గుట్టలుగా ఉన్నాయి. రేపటికి ఇంటికొస్తాయి. మా నాన్న ఎవడి దగ్గరా అప్పు చేసి పోనక్కర్లేదు."

"రమోనా, ఆగు. దిండు మీద పెట్టేది అతనికి ఇచ్చినదే అయ్యుండాలి. వేరేది పెడితే..."

"వేరేది అని ఎవరికి తెలుస్తుంది? నీకొక్కదానికి!"

తలుపు గట్టిగా వెయ్యలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాత రెండు రోజులు నాతో నేనే వాదులాడుకున్నాను. ఒకపక్క గెరోల్డ్‌కు ఇచ్చిన మాట, ఇంకోపక్క గెరోల్డ్ కూతురు. వాటిని ఇచ్చేస్తే ఏదో ఒక రోజు కంచు హాంబుర్గ్‌కూ, వెండి ఆస్ట్రియాకూ పోతాయి. రంపపు మిల్లు పతకం ఎవడి గోడకో మేకు కింద వేలాడుతుంది. ఇవ్వకపోతే ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి పతకాలతో గెరోల్డ్ వెళ్ళిపోతాడు. గురువారం పొద్దున ఫోన్ చేద్దామనుకుని చెయ్యలేదు. శుక్రవారం చేశాను, ఎత్తలేదు. నల్ల గౌను ఇస్త్రీ చేస్తూ ఇస్త్రీపెట్టె ఆర్పానా లేదా అని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను.

శనివారం బయలుదేరేముందు సొరుగు లాగి మూడు పతకాలూ రుమాలులో చుట్టి చేతిసంచీలో పెట్టుకున్నాను. ఇద్దామని కాదు. ఆ రోజున వాటిని ఖాళీ ఇంట్లో వదిలేసి రావడానికి మనసొప్పలేదు.

సమాధుల తోట పక్కన చిన్న ప్రార్థన మందిరం ఉంది. నేను అందరికన్నా ముందు వెళ్తాను, ఎక్కడికైనా అంతే. కానీ ఆ రోజు పక్కగదిలో అప్పటికే మాటలు వినిపిస్తున్నాయి. ఇంగోల్ఫ్ ముదురు నీలం యూనిఫాంలో నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బల్ల మీద దిండు. రమోనా దాని పక్కన.

"నేను మొయ్యను రమోనా," అంటున్నాడు ఇంగోల్ఫ్.

"ఏమైందని? మూడే కదా! నాన్నకి మూడుండేవి. చిన్నప్పుడు మే డే పండగకి పెట్టుకుంటే నేనే లెక్కపెట్టేదాన్ని. ఇవీ మూడే!"

"పెద్దమ్మా, మీరు రండి, చూడండి," అని అతను నన్ను పిలిచాడు.

చూశాను. కంచు, వెండి, వాటి పక్కన బంగారు రంగుది. నలభై ఏళ్ళది. ఇంటర్నెట్‌లో అమ్మేవాడు ఒకే పెట్టెలో పెట్టి మూడూ కలిపి అమ్మాడు. రమోనాకు మూడు అన్న లెక్క ఒక్కటే గుర్తుంది.

గెరోల్డ్‌కు నలభై ఏళ్ళు నిండలేదు. నిండకముందే హెల్మెట్ దించేశాడు. ఆ సంగతి బయట గుమిగూడిన ముసలివాళ్ళలో ప్రతి ఒక్కడికీ తెలుసు. నిండనివ్వలేదని అతనివైపు మాట్లాడేవాళ్ళున్నారు, పొగరుతో పోయాడని తిట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ బంగారు రంగు దిండు మీద చూస్తే ఇద్దరూ ఒకే మాట అంటారు: చచ్చాక కొనుక్కున్నాడు.

"సంపాదించనిది మోస్తే దళం మొత్తం తలెత్తుకోలేదు," అన్నాడు ఇంగోల్ఫ్. "అది తీసెయ్యి. మిగతా రెండూ మోస్తా."

"ఆ రెండూ కూడా అతనివి కావు కదా," అన్నాను నేను. "అతనికి బంగారుది రాలేదమ్మా. మూడోది రంపపు మిల్లుది. రిబ్బను రంగు కూడా వేరు."

రమోనా మూడో పతకం రిబ్బను వేలితో తాకి చూసింది. తర్వాత మెల్లగా అంది: "రంపపు మిల్లు ఏంటి? నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవరికీ చెప్పేవాడు కాదు," అన్నాడు ఇంగోల్ఫ్. "మోసుకొచ్చిన ఇద్దరిలో ఒకడు మా నాన్న."

పాస్టరుగారు తలుపు దగ్గరికొచ్చి గడియారం చూసుకుని వెళ్ళారు. ఇంకాసేపట్లో గంట కొడతారు. రమోనా బంగారు రంగు పతకం పిన్నీసు ఊడదీయబోయింది. అది వేలికి గుచ్చుకుంది. చిన్నపిల్లలా వేలు నోట్లో పెట్టుకుని అక్కడే కూలబడింది.

"ఉత్త దిండు మోసుకెళ్ళండి," అంది. "ఉత్తదే. ఆయనకి ఏమీ లేదనుకుంటారు. అనుకోనీ."

నేను చేతిసంచీ తెరిచాను. రుమాలు విప్పి దిండు మీద పెట్టాను.

ఇంగోల్ఫ్ టోపీ తీశాడు. రమోనా తల ఎత్తి నా వైపు చూసింది.

"అప్పా అత్తా?"

"కాదు. నీవే. ఇక అవి నా దగ్గరికి తిరిగి రానక్కర్లేదు."

గంటకు వేళవుతోంది. రంపపు మిల్లు పతకం పిన్నీసు ఎప్పుడో విరిగిపోయింది. సొరుగులో మఖ్మలు మీద పడుకుని ఉండటానికి పిన్నీసు అక్కర్లేదు, దిండు మీద నిలబడాలంటే కావాలి. నా సంచీలో సూదీదారం ఎప్పుడూ ఉంటాయి. నల్లదారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాను. ఒకటి కుట్టాక మిగతా రెండూ కూడా కుట్టేశాను, దారి పొడుగునా గాలి ఉంది కదా అని. రిబ్బను మడత మీద, ఉంగరం చుట్టూ, మళ్ళీ రిబ్బను మీద. గంట మొదలైంది. నా చెయ్యి ఆగలేదు.

"పెద్దమ్మా, చాలు," అన్నాడు ఇంగోల్ఫ్. "దారం కిందే దిండును పూడ్చిపెట్టేలా ఉన్నారు."

పళ్ళతో దారం తెంపాను.

బయట చలిగా, పొడిగా ఉంది. ముసలివాళ్ళు రెండు వరుసలుగా నిలబడ్డారు. ఇంగోల్ఫ్ దిండును రొమ్ము ఎత్తున పట్టుకుని వాళ్ళ మధ్యనుంచి నడిచాడు. వాళ్ళ కళ్ళు ముందు దిండు మీదికే వెళ్ళాయి. కంచు. వెండి. రంపపు మిల్లు. గెరోల్డ్‌ను పొగరుబోతు అని తిట్టే హైనర్ అయితే మూడోది చూసి నోరు కొంచెం తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. టోపీలు ఒక్కొక్కటే లేచాయి. రమోనా వాళ్ళ మొహాలు చూస్తూ నడిచింది. శవపెట్టె వైపు చూడటం కన్నా అదే నయమనిపించిందేమో.

పూడ్చి వచ్చాక అందరికీ కాఫీ దళం షెడ్డులోనే పెట్టారు. మంటలార్పే లారీ బయట నిలిపి, బల్లలు వేసి, పిండి పొడి చల్లి కాల్చిన తీపి కేకు ముక్కలు ముక్కలుగా కోసి పెట్టారు. మొదటి కప్పు వరకు అందరూ మెల్లగా మాట్లాడారు. రెండో కప్పుకు గెరోల్డ్ చేసిన అల్లర్లు మొదలయ్యాయి. అతను ఒకసారి మేయరు పొగగొట్టంలో చిక్కుకున్న పిల్లిని తీయబోయి మేయరు ఒళ్ళంతా మసి చేసిన కథ హైనరే చెప్పాడు.

ఇంగోల్ఫ్ దిండు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "రమోనా, దళానికి ఇదొక్కటే దిండు. పతకాలు తీసుకుని ఇది నాకిచ్చేయాలి."

రమోనా లాగి చూసింది. కదల్లేదు. "ఇంత గట్టిగా కుట్టావేంటత్తా?"

"గాలి అని."

"గాలా?"

"విడిపోతాయని," అన్నాను.

ఆమె నా సంచీలోంచి కత్తెర తానే తీసింది. ఇద్దరం దిండు మీదికి వంగాం. నేను దారం ఎత్తి పట్టుకుంటే ఆమె కత్తిరించింది. ఒక్కో కుట్టుకూ రిబ్బను దెబ్బతినకుండా ఊపిరి బిగబట్టింది. ఆ చెయ్యి వాళ్ళ నాన్నదే, వేళ్ళు పొట్టిగా, గోళ్ళు చదరంగా.

"నేను అమ్మేస్తాననే కదా నీ భయం?"

"అవును."

"అమ్మను. నేను ఉన్నంతవరకు అమ్మను. మా ఆయన ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతా. కానీ నా తర్వాత పిల్లలు ఏం చేస్తారో నాకు తెలీదత్తా. మాట ఇమ్మంటే ఇవ్వలేను."

అంతకన్నా నిజమైన మాట నేను గెరోల్డ్‌కు కూడా ఇవ్వలేదు. నాకు మాత్రం తర్వాత ఎవరున్నారు? నా ఐదు సొరుగులూ డీట్‌మార్ చేతికే పోతాయేమో. ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించకుండా తప్పించుకుంటూ వచ్చాను.

"చాలమ్మా," అన్నాను. "ఉన్నంతవరకు చాలు."

మూడో పతకం ఊడి వచ్చింది. వాటిని నా రుమాలులోనే చుట్టి ఇచ్చాను. రుమాలు మళ్ళీ అడగలేదు. ఆమె కోటు లోపలి జేబులో పెట్టుకుని, పై జేబులోంచి ఇంటర్నెట్‌లో కొన్న పెట్టె తీసి నా ముందుకు తోసింది.

"ఇవి నువ్వుంచుకో. నీ సొరుగులో ఖాళీ అయింది కదా. మూడుకి మూడు. బంగారుది కూడా ఉంది, లాభమే!"

"ఇవి ఎవరివి?"

"ఎవరో లౌసిట్స్ వైపు వాడు అమ్మాడు. వాళ్ళ మామగారివట."

"పేరు?"

"మామగారి పేరు ఎవరడుగుతారత్తా?" అని నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. తర్వాత భర్త కారు హారన్ కొట్టాడు. ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది. కోటు లోపలి జేబు నా రొమ్ముకు గుచ్చుకుంది. కారు చర్చి మలుపు తిరిగేదాకా చూశాను. తిరిగాక కూడా కాసేపు చూశాను.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాను. బంగారు రంగుది వాడనిదనుకున్నాను. కాదు. రిబ్బను అంచు చెమటకు నల్లబడింది. వెండిదానికి ఒకవైపు రాపిడి ఉంది, ఏళ్ళ తరబడి పక్కదానికి తగులుతూ ఉంటే అలా అవుతుంది. ఈ మనిషికి నలభై ఏళ్ళు నిజంగానే నిండాయి. ప్రతి పండగకూ పెట్టుకున్నాడు. మా ఊళ్ళో మోయడానికి ఒప్పుకోని ఈ పతకాన్ని అతని ఊళ్ళో ఎవరూ మోయనేలేదేమో. అల్లుడు ముందే అమ్మేసి ఉండొచ్చు, లేదా దిండు మీద నుంచి తీశాకే అమ్మి ఉండొచ్చు.

గెరోల్డ్ పతకాలున్న గుంటల్లో వీటిని పెట్టలేదు. ఆ గుంటలు అలాగే ఉన్నాయి, చూడగలుగుతున్నాను. ఎకార్ట్ పెట్టెలో ఒక మూల చోటు చేసి మూడింటినీ పక్కపక్కనే పెట్టాను.

సోమవారం రమోనాకు ఫోన్ చేస్తాను. ఆ అమ్మినవాణ్ణి అడిగి మామగారి పేరు కనుక్కోమంటాను. తిడుతుంది. "అత్తా, నీకు వేరే పని లేదా?" అంటుంది. తిట్టనీ. కనుక్కున్నాక తనే మళ్ళీ నాకు ఫోన్ చేసి చెప్పాలి కదా.